పలకరాతి కప్పు: రాయి ఎంచడం, పరచడం, కాచుకోవడం

పెన్సిల్వేనియాలోనో న్యూజెర్సీలోనో పాత ఇల్లు కొన్న తెలుగు కుటుంబాలకు తరచుగా ఎదురయ్యే మాట ఒకటుంది. 1920ల నాటి ఇల్లు, నిటారైన వాలు, పైన నల్లవో ఊదావో రాతి పలకలు. రెండు మూడు పలకలు జారాయని కప్పు పనివాళ్లను పిలుస్తారు. వచ్చినాయన కిందనుంచే తలెత్తి చూసి, ఇది పాతబడిపోయింది, అంతా పీకేసి షింగిల్స్ వేద్దామంటాడు. ఆ మాట నమ్మి, ఇంకో యాభై అరవై ఏళ్లు నిలిచే రాయిని చెత్తబండికెత్తి, పాతిక ముప్ఫై ఏళ్లకు మళ్లీ మార్చాల్సిన తారు షింగిల్స్ వేయించుకున్న ఇళ్లు నేను చూశాను. చూసిన ప్రతిసారీ మనసు కష్టపడింది.

పలకరాతి కప్పు పాడయిందంటే చాలాసార్లు పాడయింది రాయి కాదు. దాన్ని పట్టి ఉంచిన మేకు తుప్పుపట్టి ఉంటుంది, మూలల్లో వేసిన రేకు చిల్లులు పడి ఉంటుంది, లేదా ఎవరో కాలు పెట్టి పగలగొట్టి ఉంటారు. ఇది తెలిస్తే కొత్త కప్పుకు ఏం కొనాలో, పాత కప్పులో ఏం మార్చాలో రెండూ తేలిపోతాయి.

ముందు రాయి సంగతి. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న సన్నటి బురద గట్టిపడి, తర్వాత భూఫలకాల ఒత్తిడికి నలిగి, వేడెక్కి పలకరాయి అయింది. ఆ ఒత్తిడికి బురదలోని బంకమట్టి ఖనిజాలు అభ్రకంగా, క్లోరైటుగా మారి అన్నీ ఒకే దిక్కుకు తిరిగి సర్దుకున్నాయి. అందుకే ఉలి ఆనించి తడితే రాయి పావు అంగుళం మందాన చదునుగా విడిపోతుంది, నీళ్లనూ దాదాపు పీల్చదు. మన కడప బండ, తాండూరు బండ కూడా పలకలుగా లేస్తాయి కదా అనిపిస్తుంది. అవి సున్నపురాళ్లు. బురద పొరలుగా పేరుకున్న చోట విడిపోతాయి. వాననీటిలోని కాస్త ఆమ్లానికే నెమ్మదిగా కరుగుతాయి. నేలకు అవి బంగారం, పల్చని పలకలు పరిచే కప్పుకు పనికిరావు. తెలుగునేల మీద అసలైన పలకరాయి మార్కాపురంలో దొరుకుతుంది. మన బడిపిల్లలు తరాలుగా అక్షరాలు దిద్దిన పలకలు ఆ గనులవే. ఇళ్ల కప్పులకు ఈ రాయిని వాడే సంప్రదాయం మన దేశంలో హిమాచల్‌లో చూడాలి. ధర్మశాల దగ్గరి ఖనియారా గనుల రాయి కాంగ్రా లోయలో ఎన్నో ఇళ్ల మీద కనిపిస్తుంది.

ప్రపంచంలో ఈ విద్య ముదిరిన చోటు ఉత్తర వేల్స్. బెథెస్డా ఊరి దగ్గరి పెన్రిన్ గనిలో రాయి వయసు 50 కోట్ల ఏళ్లకు పైమాటే. ఆ ప్రాంతపు పలకరాతి గనుల సీమను యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గనుల్లో చేయితిరిగిన పనివాళ్లు 19వ శతాబ్దంలో అమెరికాకు వలస వెళ్లి, వెర్మాంట్, న్యూయార్క్ సరిహద్దులోనూ పెన్సిల్వేనియాలోని లీహై లోయలోనూ గనులు నడిపారు. పెన్సిల్వేనియాలో బాంగర్ అనే ఊరుంది, ఆ పేరు వేల్స్‌దే. ఇప్పుడు ప్రపంచంలో కప్పుల రాయి ఎక్కువగా స్పెయిన్‌లోని గలీసియా నుంచి వస్తోంది.

పాత ఇల్లు కొన్నా, కొత్త కప్పు వేయించినా మొదట తేల్చుకోవలసింది రాయి ఏ గనిదో. రంగు తర్వాత. ఒకే నలుపులో ఎంతో తేడా ఉంటుంది. వర్జీనియాలోని బకింగ్‌హామ్ రాయి, పెన్సిల్వేనియా, మేరీలాండ్ సరిహద్దులోని పీచ్ బాటమ్ రాయి నూటయాభై ఏళ్లు దాటినా చెక్కుచెదరవు. పెన్సిల్వేనియాలోనే దొరికే మెత్తని నల్లరాయి మాత్రం అరవై, డెబ్బై ఏళ్లకు పెచ్చులూడడం మొదలవుతుంది. 1920ల ఇంటి మీద ఆ రాయి ఉంటే దాని కాలం తీరినట్టే, దాని మీద డబ్బు పోయకండి. వెర్మాంట్ ఆకుపచ్చ రాళ్లు, ఊదా రాళ్లు నూరేళ్లకు మించి నిలుస్తాయి. అమెరికాలో ఎర్రరాయి న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రాన్‌విల్ చుట్టుపక్కల మాత్రమే దొరుకుతుంది, ఖరీదూ అలాగే ఉంటుంది. సముద్రపు పచ్చ అనే రకం కొన్నేళ్లకు గోధుమ, మట్టి రంగుల్లోకి తిరుగుతుంది. కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు రాయి కుళ్లిపోయిందని కంగారు పడతారు. పచ్చరాయిలోని కాస్త ఇనుము గాలికి రంగు మారడమే అది, రాయికి ఏమీ కాలేదు. రంగు మారకూడదనుకుంటే కొనేటప్పుడే మారని రకం అడిగి తీసుకోవాలి.

అమ్మేవాళ్ల దగ్గర ఒక కాగితం అడగండి. అమెరికాలో కప్పు రాళ్లకు ఏఎస్‌టీఎం సీ406 అనే ప్రమాణం ఉంది. అందులో ఎస్1 అంటే 75 ఏళ్లకు మించి, ఎస్2 అంటే 40 నుంచి 75 ఏళ్లు, ఎస్3 అంటే 20 నుంచి 40 ఏళ్లు నిలుస్తుందని లెక్క. ఎస్1 రాయి తన బరువులో పావు శాతానికి మించి నీళ్లు పీల్చకూడదు. ఆ పరీక్ష ఫలితం చూపించలేని సరుకు ఎంత చవకైనా వద్దు. ఎస్1 కాని రాయికి ఇంత కూలి, ఇంత రాగి ఖర్చు పెట్టడం దండగ అన్నది నా అభిప్రాయం.

కాగితం చూశాక కూడా చేతితో చూడాల్సినవి ఉన్నాయి. పలకను రెండు వేళ్లతో పైన పట్టుకుని వేళ్ల కణుపులతో తట్టండి. మంచి రాయి కంచు గిన్నెలా ఖంగుమంటుంది. లోపల పగులున్నా, పొరలు విడుతున్నా మొద్దుగా పలుకుతుంది. తర్వాత పలకను నీళ్ల తొట్టిలో సగం మునిగేలా నిలబెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున నీటిమట్టం మీద తడి కాస్త మాత్రమే పైకి పాకి ఉంటే సరే, బాగా ఎగబాకి ఉంటే ఆ రాయి చలి దేశంలో గడ్డకట్టే నీటికి నిలవదు. నోటితో ఆవిరి ఊది వాసన చూస్తే తడిమట్టి వాసన గట్టిగా వచ్చే పలకనూ పక్కన పెట్టాలి. రాయిలో పసిడిరంగు పైరైటు గింజలు కొన్ని రకాల్లో ఏమీ చేయవు, కొన్నింటిలో తుప్పుపట్టి చారలు కడతాయి, రాయికి రంధ్రం కూడా పడుతుంది. అసలు శత్రువు కాల్సైటు. వానలోని గంధక ఆమ్లంతో కలిసి అది జిప్సమ్‌గా మారి ఉబ్బి రాతి పొరలను విడదీస్తుంది. ఇంటి అటకలోకి వెళ్లి పలకల అడుగు చూస్తే తెల్లటి పొడి, పెచ్చులు కనిపించేది అందుకే.

పాత కొట్టాల మీంచి దించిన పలకలు కొనవచ్చు, చవక కూడా. కానీ ఏ గనివో అడగాలి, ఒక్కొక్కటీ తట్టి చూడాలి. రబ్బరుతో, ప్లాస్టిక్‌తో చేసిన పలకలు దూరానికి రాయిలాగే కనిపిస్తాయి. వాటిని కొనమని నేను ఎవరికీ చెప్పను.

రాయి కుదిరాక బరువు చూడాలి. మామూలు మందం అంటే అంగుళంలో పదహారింట మూడు వంతుల నుంచి పావు అంగుళం. ఆ మందంలో 100 చదరపు అడుగుల కప్పు మీద 700 నుంచి 1000 పౌండ్ల బరువు పడుతుంది. తారు షింగిల్స్ కంటే ఇది మూడు రెట్లు, ఇంకా ఎక్కువ. మొదటినుంచీ రాయి ఉన్న ఇంటికి వాసాలు దానికి తగ్గట్టే వేసి ఉంటారు. షింగిల్స్ తీసి కొత్తగా రాయి వేయాలంటే మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి వాసాల లెక్క చూపించుకోనిదే పని మొదలుపెట్టవద్దు. వాలు కూడా ముఖ్యం. అడ్డంగా 12 అంగుళాలు పోయేసరికి కనీసం 4 అంగుళాలు పైకి లేవాలి. అంతకన్నా చదునైన కప్పుకు పలకరాయి కుదరదు.

ఇప్పుడు అమరిక లెక్క. పలకరాతి కప్పులో నీటిని ఆపేది జిగురు కాదు, ఒక వరస మీద ఇంకో వరస కప్పుకోవడం. ప్రతి పలక తన కింది వరసనే కాక, ఆ కిందున్న వరస పైఅంచును కూడా కనీసం 3 అంగుళాలు కప్పాలి. అంటే కప్పు మీద ఎక్కడ చూసినా రెండు పొరలు, కొన్ని చోట్ల మూడు పొరల రాయి ఉంటుంది. వాలు బాగా తక్కువైతే 4 అంగుళాలు కప్పించాలి. పలక పొడవులోంచి ఈ 3 తీసేసి మిగిలింది సగం చేస్తే బయటికి కనిపించే భాగం వస్తుంది. 20 అంగుళాల పలకకు ఎనిమిదిన్నర. వెడల్పు 10 అయితే 100 చదరపు అడుగులకు 170 పలకలు పడతాయి. 16 అంగుళాల పొడవు, 8 వెడల్పు పలకలైతే 277. చిన్న పలకలకు మేకులూ కూలీ పెరుగుతాయని ఇక్కడే తెలుస్తుంది. వేల్స్ గనుల్లో ఈ కొలతలకు డచెస్, కౌంటెస్, లేడీ అని పేర్లు పెట్టుకున్నారు. 20×10 పలకను ఇప్పటికీ కౌంటెస్ అనే అడుగుతారు. పాత కప్పు కారుతుంటే పలకలన్నీ బాగానే ఉన్నా ఈ 3 అంగుళాలు ఉన్నాయో లేదో కొలవండి. రాయి మిగుల్చుకోవాలని ఎప్పుడో ఎవరో అంగుళంతో సరిపెట్టిన కప్పులున్నాయి. ఎన్ని అతుకులు వేసినా వాటి కారడాన్ని ఆపలేరు.

పలకల కింద గట్టి చెక్కబల్లలు పరచాలి. ముప్పావు నుంచి అంగుళం మందం ఉండే బల్లలు నాకు ఇష్టం. ప్లైవుడ్ చాలామంది వేస్తారు, నడుస్తుంది. కానీ నూరేళ్ల రాయి కింద అంతకాలం నిలిచే చెక్క ఉండాలని ఆలోచించండి. దానిమీద దళసరి ఫెల్ట్. పలకలు పరిచేదాకా వాననుంచి చెక్కను కాపాడడమే దాని పని.

మేకుల దగ్గర లోభం పనికిరాదు. రాగి మేకులు, లేకపోతే స్టెయిన్‌లెస్ స్టీలు మేకులు. పల్చగా జింకు పూత పూసిన మేకులు రాయికన్నా ఎంతో ముందే తుప్పుపట్టి విరుగుతాయి, మంచి పలక జారి కిందపడుతుంది. మేకు పొడవుకు పనివాళ్ల లెక్క ఒకటుంది: పలక మందానికి రెట్టింపు, దానికి ఒక అంగుళం కలపాలి. పలకకు పైనుంచి పావు వంతు, మూడో వంతు మధ్యలో, పక్క అంచులకు కొంచెం లోపలగా రెండు చిల్లులు వేస్తారు. చిల్లు వెనకవైపు నుంచి పొడిచి వేయాలి. అప్పుడు ముందువైపు రాయి కాస్త పెచ్చు లేచి చిన్న గుంట ఏర్పడుతుంది, మేకు తల అందులో కూర్చుంటుంది.

ఆ మేకును దిగ్గొట్టకూడదు. పలక మేకుకు వేలాడాలి. తల గుంటలో ఆని ఆనకుండా ఉండాలి. గట్టిగా బిగిస్తే రాయి ఆ రోజో, మొదటి చలికాలంలోనో పగులుతుంది. వదులుగా వదిలేస్తే పొడుచుకొచ్చిన తల పై వరస పలకను లోపలనుంచి పొడుస్తుంది. షింగిల్స్ వేసే పనివాడు మేకు తుపాకీతో పలకరాయి వేస్తానంటే వెంటనే వద్దనండి. తుపాకీకి ఈ ఆనడం తెలియదు, సుత్తి పట్టిన చేతికే తెలుస్తుంది.

పరచడం చూరు దగ్గర మొదలవుతుంది. చూరు అంచున ఒక సన్నటి చెక్కబద్ద కొట్టి మొదటి వరసను కొంచెం పైకి లేపుతారు, లేకపోతే రెండో వరస ఆనుకోదు. దానిమీద తలకిందులుగా, అంటే వెనకవైపు పైకి వచ్చేలా ఒక పొట్టి వరస వేస్తారు. 20 అంగుళాల పలకలకు ఈ పొట్టి వరస పొడవు పదకొండున్నర. ఆపైన అసలు వరస, కింది అంచులు కలిసేలా, కీళ్లు కలవకుండా. చూరు బయటికి సుమారు 2 అంగుళాలు పలక రావాలి, వాన గోడ మీదకు కారకుండా. ఇక పైకి పోతూ ప్రతి వరసలో పలకల మధ్య సందు కింది వరస సందుకు కనీసం 3 అంగుళాలు పక్కకు ఉండాలి. వేరు వేరు పెట్టెల్లోని పలకలను ముందే కలిపేసుకుంటే రంగు మచ్చలు మచ్చలుగా పడదు.

తర్వాత రేకు. రెండు వాలులు కలిసే వ్యాలీలో, పొగగొట్టం చుట్టూ, గోడకు ఆనే చోట చదరపు అడుగుకు 16 ఔన్సుల రాగిరేకు, వ్యాలీలకు వీలైతే 20 ఔన్సులది వేయించండి. కప్పు మొత్తంలో ఎక్కువ నీళ్లు పారేది వ్యాలీలోనే, ముందు అరిగేదీ అదే. రాగి పక్కన అల్యూమినియం, జింకు పూత రేకులు తగలకూడదు. తడిలో రెండు లోహాలు కలిస్తే బలహీనమైనదాన్ని తుప్పు తినేస్తుంది. రేకు చిల్లుపడితే వ్యాలీ వెంట ఉన్న పలకలు మాత్రం జాగ్రత్తగా దించి, వరస గుర్తుపెట్టి, కొత్త రేకు వేసి అవే పలకలు మళ్లీ పరచవచ్చు. ఒక తరంలో ఒకసారి వచ్చే ఖర్చు అది. దానికోసం కప్పంతా పీకించాలని చెప్పేవాళ్లను దాటి ఇంకొకరిని వెతకండి.

ఇక కాచుకోవడం. ఏడాదికి ఒకసారి, పెద్ద గాలివాన తర్వాత ఒకసారి, నేలమీద నిలబడి బైనాక్యులర్‌తో చూడండి. జారిన పలక, పగిలినది, ఖాళీ, గట్టర్లో రాతి ముక్కలు. వాన పడుతున్నప్పుడు టార్చి తీసుకుని అటకలోకి వెళ్లండి, వాసాల మీద తడి చార ఎక్కడ మొదలైందో చూడండి. శరదృతువులో ఆకులు రాలాక గట్టర్లు శుభ్రం చేయాలి, వ్యాలీలో పేరుకున్న చెత్త తీయించాలి. కప్పు మీదకు వంగిన కొమ్మలు నరికించాలి. ప్రెషర్ వాషర్‌తో నాచు కడిగించవద్దు. చూరు మీద మంచుగడ్డ పేరుకుంటే గొడ్డలితో కొట్టవద్దు.

కప్పు మీద అడుగు పెట్టనివ్వకండి. దీపావళి దీపాల తీగ కట్టడానికి, డిష్ బిగించడానికి, పొగగొట్టం చూడడానికి ఎక్కిన ఒక్కొక్కరూ నాలుగైదు పలకలు పగలగొట్టి దిగుతారు. పగులు వెంటనే కనిపించదు, వచ్చే చలికి తెరుచుకుంటుంది. దీపాలు గట్టర్‌కు నిచ్చెన మీంచి కట్టుకోవచ్చు. సోలార్ ప్యానెల్స్ పెట్టాలనుకుంటే గరాజు మీద పెట్టమనే చెబుతాను. పలకలకు చిల్లులు వేసి బిగించడం నాకు సమ్మతం కాదు.

ఒక పలక పగిలితే మార్చే పద్ధతి సులువైనదే, కాని తెలిసినవాళ్లే చేయాలి. కొప్పుకు తగిలించే కొక్కెపు నిచ్చెన వేసి, దానికింద మెత్త పెట్టి, బరువంతా నిచ్చెన మీదే ఉంచుకుని పనిచేస్తారు. పనిముట్టు రిప్పర్. సుమారు రెండు అడుగుల పొడవు, పల్చటి ఉక్కు పట్టీ, చివర రెండు వైపులా కొక్కేలు, ఇవతల పిడి. దాన్ని పగిలిన పలక కిందకు దూర్చి, తడుముతూ మేకును కొక్కేనికి తగిలించి, పిడి మీద సుత్తితో కిందకు కొడతారు. మేకు తెగుతుంది, లేదా ఊడివస్తుంది. రెండో మేకు కూడా అలాగే. ముక్కలు లాగేసి, లోపలి చెత్త తీసి, అదే కొలత, అదే మందం, వీలైతే అదే గని పలకను పైకి తోస్తారు.

కొత్త పలకను పట్టి ఉంచడానికి రెండు దారులున్నాయి. ఒకటి స్టెయిన్‌లెస్ స్టీలు కొక్కెం. పలక దూర్చేముందే కింది వరస రెండు పలకల సందులో దాని మొన దిగ్గొడతారు. పలకను దాన్ని దాటించి పైకి తోసి, తిరిగి కిందకు లాగితే అంచు కొక్కెంలో కూర్చుంటుంది. రెండోది మేకు, రాగి బిళ్ల. పై వరస సందులోంచి కొత్త పలకకు ముందే వేసిన చిల్లులో మేకు దించి, దానిమీదకు కొంచెం వంచిన రాగిరేకు ముక్కను పై పలకల కిందకు దూరుస్తారు. వంపు వల్ల అది బిగుసుకుని కదలదు, మేకుచిల్లులోకి నీళ్లు దిగవు. ఈ రెండూ సరైనవే. పలక మీంచి మేకు కొట్టి పైన సీలెంట్ పూయడం, తారు పులమడం తప్పు. తారు కొన్నేళ్లకే ఎండి పగిలి నీటిని లోపల బంధిస్తుంది. తర్వాత ఆ పలకను శుభ్రంగా తీయడం కూడా కుదరదు. కప్పు మీద అక్కడక్కడ నల్లటి తారు మరకలు కనిపిస్తే ఇదివరకు పని తెలియనివాళ్లు ఎక్కారని తెలుసుకోండి.

ఎంతవరకు బాగుచేయించాలి, ఎప్పుడు మార్చాలి? అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ పాత పలకరాతి కప్పుల గురించి 1992లో ఒక మార్గదర్శిక తెచ్చింది. ఒక వాలులో 20 శాతం లేదా అంతకు మించి పలకలు పగిలి, జారి, పోయి ఉంటే ఒక్కొక్కటీ మార్చడం కన్నా ఆ వాలంతా కొత్తగా వేయడమే చవక అని అందులో ఉంది. వాలు అని గమనించండి. దక్షిణం వైపు ఎండకూ మంచుకూ నలిగిన వాలు పోయి, ఉత్తరం వైపు బాగుండవచ్చు. అప్పుడు ఆ ఒక్క వైపే మారుస్తారు, అందులో బాగున్న పలకలు మిగతా వైపులకు మరమ్మతు సరుకవుతాయి.

పనివాళ్లను ఎంచేటప్పుడు మూడు మాటలు అడగండి: రిప్పర్ ఉందా, ఏ మేకు వాడతారు, ఈ రాయి ఏ గనిది. మూడోదానికి పలకను చేత్తో పట్టుకుని చూసి సమాధానం చెప్పేవాళ్లు దొరికితే రేటు కాస్త ఎక్కువైనా వదులుకోకండి. పని అయ్యాక మిగిలిన పలకలను పారేయనివ్వకండి. ఒక నలభై యాభై గరాజులో ఉంచుకోండి. బండల్లా ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టి పేర్చితే కిందవి పగులుతాయి, గోడకు ఆనించి అంచు మీద నిలబెట్టండి. గని పేరు, కొలత, కొన్న సంవత్సరం ఒక కాగితం మీద రాసి అటకలో వాసానికి అంటించండి. ఇల్లు అమ్మినా ఆ కాగితం, ఆ పలకలు ఇంటితోనే వదిలేయండి.